సాక్షి దిబ్బల మీద తుంగ

ఆ వంక గట్టున మా నీటిపారుదల శాఖ అన్నిటికంటే ముందు పూర్తి చేసింది బోర్డు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు, రెండు ఇనుప కాళ్లు. కాళ్ల చుట్టూ కాంక్రీటు పోసి, దాని మీద గోనెపట్టా కప్పి, పూటపూటా నీళ్లు పోయించి తడి ఆరకుండా చూశాను. ఆ పని మొత్తంలో నిబంధన ప్రకారం జరిగింది అదొక్కటే. పచ్చ రంగు మీద తెల్లని అక్షరాలతో "వంకలోని జీవరాశికి ఆవాస పునరుద్ధరణ పథకం" అని రాయించాం. కింద ఒక చేప బొమ్మ వేయమన్నాం. బోర్డు రాసినవాడు తిరుపతిలో లాడ్జీలకు, పూజాసామగ్రి అంగళ్లకు రాసేవాడు. చేప అనగానే అతనికి తోచిన చేప ఒకటే. కిరీటం, నాలుగు చేతులతో సహా వేసేశాడు. చేతులు, కిరీటం చెరిపించడానికి ఇంకో రోజు పట్టింది. చెరిపిన చోట పచ్చ రంగు కొంచెం ముదురుగా ఉండి, ఆ చేప ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నట్టే కనిపించేది.

బోర్డు నిలబెట్టిన రోజున ఆ వంకలో చేప లేదు. మోకాలి లోతు నీళ్లున్న చోటు లేదు. కోతకొచ్చిన తుంగ లేదు. మూడింటినీ తీసేసింది మేమే, అంతకుముందు ఎండాకాలంలో.

అప్పటికి నేను డిప్లొమా పూర్తి చేసి సూపర్‌వైజరుగా చేరి రెండేళ్లు. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో గంటలోపు దిగే ఊళ్లో మా సెక్షన్ ఆఫీసు. ఆ ఊరి పక్కనుంచే వంక పోయి చెరువులో కలుస్తుంది. ఎనభైల మొదట్లో ఒక వానాకాలం వంక పొర్లి రెండుసార్లు రోడ్డు మీదికి నీళ్లొచ్చాయి. మొదటిసారి బస్సు ఆగింది, ఎవరికీ పట్టలేదు. రెండోసారి ఆగిన బస్సు వెనక కారులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. వారం తిరగకముందే వంకను శుభ్రం చేయమని మాకు ఉత్తర్వు వచ్చింది.

ఏమేం శుభ్రం చేశామో నా నోటుపుస్తకంలో వరసగా ఉంది. ఎడమ గట్టున మొగలి పొదలు, ముప్పై నాలుగు, నరికివేత. కుడి గట్టున వావిలి, కనిపించినంత మేరా. వంక వంపులు రెండు, కోసి తిన్నగా చేయడం. మడుగులు మూడు, ఇసుక పోసి మట్టం చేయడం. తుంగ, జమ్ము, అడ్డంగా ఉన్నవీ అంచుల్లో ఉన్నవీ, వేళ్లతో సహా తొలగించడం.

ఆ 'వేళ్లతో సహా' అనేది అబద్ధం. కూలీలు కొడవళ్లతో నేల మట్టానికి కోశారు. తుంగ గడ్డలు అడుగు లోతున భూమిలోనే ఉండిపోయాయి. కాంట్రాక్టరు మేస్త్రీ "ఏర్లు కూడా తీసినాం సార్" అన్నాడు. నేను రాసుకున్నాను. వంగి మట్టి గీకి చూడలేనంత గౌరవం నా ప్యాంటు మీద నాకుండేది.

పని అయిపోయాక లెవెల్ యంత్రం పెట్టి చూస్తే వంక అడుగు మొదటినుంచి చివరిదాకా ఒకే వాలులో ఉంది. అంత చక్కని వాలు నేను పాఠ్యపుస్తకంలో తప్ప చూడలేదు. మా డిప్యూటీ ఇంజనీరు కూడా చూసి మెచ్చుకున్నాడు. మా లస్కరు మాత్రం మెచ్చుకోలేదు. లస్కరంటే తూములు, కాలువలు కనిపెట్టుకుని ఉండే మనిషి. ఆ ఊరివాడే, యాభై దాటినవాడు.

"వంకను రోడ్డు సేసినారు సార్. ఇంక ఆ బస్సును దీంట్లోనే పోనీయొచ్చు," అన్నాడు.

ఆ ఏడు వానలకు నీళ్లు ఎంత జోరుగా వచ్చాయో అంత జోరుగానే వెళ్లిపోయాయి. మాఘం దాకా అక్కడక్కడా నిలిచే నీళ్లు కార్తీకం దాటేసరికే ఇంకిపోయాయి. చేప పిల్లలు, కప్పలు, నీటికోళ్లు ఏమయ్యాయని నేను ఆలోచించలేదు. అవి నా జాబితాలో లేవు.

ఆ ఊళ్లో చాపలు నేసే ఇళ్లు ఆరు. వంకలో పెరిగే తుంగను కోసి, ఒక్కో కాడను నిలువునా చీల్చి, ఎండబెట్టి, నేల మీద పరిచిన మగ్గంలో చాపగా నేస్తారు. తిరుపతి సత్రాల్లో యాత్రికులకు అద్దెకిచ్చే చాపల్లో చాలా భాగం అప్పట్లో ఇలాంటి ఊళ్ల నుంచే వెళ్లేవి. ఐదిళ్ల వాళ్లు మమ్మల్ని తిట్టుకుని, వేరే చెరువుల వెంట తుంగ వెతుక్కుంటూ పోయారు. ఆరో ఇంటి ఆమె ఆఫీసుకు వచ్చింది. యాభై అయిదేళ్లుంటాయి. భర్త లేడు. మగ్గం మీద ఆమె, కొడుకు పనిచేసేవాళ్లు. ఆమె పుల్లతో తుంగను దారాల మధ్య దూరిస్తే, అతను పలకతో బిగించి కొట్టేవాడు.

గుమ్మంలో నిలబడే అడిగింది. "వంకకు గుండు గొరిగించింది నువ్వేనా నాయనా? దానికేమన్నా కొండకు మొక్కుబడి ఉండిందా?"

నేను వరద నీటి ప్రవాహం గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆమె మధ్యలోనే ఆపింది.

"అదంతా నాకొద్దు. నా ఇంట్లో ఎండిన తుంగ ఉగాది దాకా వస్తాది. ఆ పైన కల్వర్టు కాడ ఉండే తుంగ నాకు ఒక ఏడు సాలు. ఆ లోపల వంకలో గడ్డలు మళ్లా మొలుస్తాయి. ఇప్పటికే మొలకలు వచ్చినాయి. నేను సెప్పేది ఒకటే. మీరు ఇంకేమీ సేయబాకండి."

కల్వర్టు కాడ తుంగ అంటే, రోడ్డు కింద వంక మలుపు తిరిగే చోట, అర ఎకరం కూడా లేని తావులో మిగిలిన తుంగ. కల్వర్టు వేరే శాఖది. దానికి అటూ ఇటూ కొంత దూరం మేము ముట్టుకోకూడదు. అందువల్ల మాత్రమే అది బతికిపోయింది. మిగతా ఐదిళ్ల వాళ్లను ఆమె దాని దరిదాపులకు రానిచ్చేది కాదు. ఎవరైనా కొడవలి పట్టుకుని ఆ దిక్కుకు నడిస్తే తనూ ఒక కొడవలి పట్టుకుని వెనకే నడిచేదని లస్కరు చెప్పాడు. దానధర్మాలు చేసే మనిషి కాదు.

"తుంగ లేకపోతే ఏమవుతుంది?" అని అడిగాను.

"నా కొడుకును తిరపతిలో లాడ్జీ వాళ్లు రమ్మంటా ఉండారు. పరుపులు మోసేదానికి, బక్కెట్లతో ఏన్నీళ్లు మోసేదానికి. తుంగ లేకుంటే వాడు పోతాడు. వాడు పోతే మగ్గం ఇప్పేయాల్సిందే. ఇద్దరు లేకుండా సాప కాదు."

నేను చూస్తామన్నాను. ఆ మాటకు మా శాఖలో ఉన్న అర్థం ఆమెకు తెలుసు. నవ్వి వెళ్లిపోయింది.

తర్వాత కొద్ది వారాలకు చిత్తూరు నుంచి పెద్ద ఆఫీసరు ఒకాయన తనిఖీకి వచ్చాడు. జిల్లాకు కొత్త. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం లేదు. ఈ వ్యవహారంలో బుర్ర పెట్టి ఆలోచించినవాడు ఆయనొక్కడే. ఎక్కువ నష్టం మొదలైందీ ఆయన నోటి మాటతోనే. వంక గట్టు మీద మైలు దూరం నడిచి, నా చక్కని వాలును చూసి, ఆగి అడిగాడు.

"ఇక్కడ పక్షులు లేవేం?"

మా డిప్యూటీ ఇంజనీరు ఏ మాత్రం తడబడకుండా, "ఏర్పాటు చేస్తాం సార్," అన్నాడు.

ఆఫీసరు ఆయన వైపు తిరిగి, "నీళ్లు పోవడానికి అడ్డం తీయాలి, నిజమే. కానీ మనం తీసినదానికి బదులు పెట్టాల్సిన బాధ్యత కూడా మనదే," అన్నాడు. మంచి మాట. ఆ మాట చిత్తూరు నుంచి నాలుగు టేబుళ్లు దాటి నా దగ్గరికి చేరేసరికి ఇలా అయింది: వంక నిర్వహణ వల్ల నష్టపోయిన ఆవాసమునకు బదులు ఆవాసము కల్పించుటకు అంచనా ఏడు రోజులలో పంపవలెను.

నేను ఐదు రోజుల్లో పంపాను.

ఆ అంచనా నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. సిగ్గు కోసం దాచుకున్నాను. మొదటి అంశం: మడుగులు, పన్నెండు, ఒక్కొక్కటి ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, వంక అంచున సమాన దూరంలో. వంక మడుగు ఎక్కడైనా నలుచదరంగా ఉంటుందా అని ఎవరూ అడగలేదు. కొలతల పుస్తకంలో పొడవు, వెడల్పు, లోతు అని మూడు గడులున్నాయి. వంపుకు గడి లేదు. రెండో అంశం: తుంగ నాటుట, మడుగుల లోపల, వరసకు వరసకు అడుగు దూరం. మూడోది: గట్టున కానుగ మొక్కలు. నాలుగోది: పక్షులు వాలుటకు కొయ్యలు, ఇరవై. అయిదోది బోర్డు. డిప్యూటీ ఇంజనీరు మొక్కలు సగానికి తగ్గించాడు. కొయ్యలు ఇరవై నుంచి పదికి తగ్గించాడు, తక్కువ పక్షులు చాలని కాబోలు. బోర్డును ఇంకో అడుగు పెంచమన్నాడు.

రెండో అంశంలో తుంగ దుబ్బులు ఎక్కడినుంచి తేవాలో రాయాలి. సరుకు మోసే దూరం ఎక్కువైతే అంచనా పెరుగుతుంది. పెరిగితే వెనక్కి వస్తుంది. మా చదువులో దూరం తగ్గించడం ఒక ప్రతిభ. నేను ఇలా రాశాను: దుబ్బులు సమీపములోని కల్వర్టు వద్ద నుండి తెచ్చుట, దూరము అర కిలోమీటరు లోపు.

ఆ వాక్యం రాసేటప్పుడు ఆమె నాకు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా రాసి ఉంటే దుర్మార్గుణ్ణని అనిపించుకునేవాణ్ణి, అందులో కనీసం ఒక తెలివి ఉంటుంది. నేను మాత్రం దూరం తక్కువ పడిందని సంతోషించి, టీ తాగడానికి వెళ్లాను.

కల్వర్టు చుట్టూ వేరే శాఖ హద్దు కదా అని ఎవరూ అడగలేదు, మంజూరు వచ్చింది. వంకలో సున్నంతో గీతలు పోయించి మడుగుల హద్దులు గుర్తు పెట్టే రోజున ఆమె గట్టు మీదికి వచ్చింది.

"ఏంది నాయనా, వంకలో ముగ్గులేయిస్తా ఉండావు?"

"మడుగులమ్మా. నీళ్లు నిలుస్తాయి. నీళ్లు నిలిస్తే తుంగ వస్తుంది."

"వచ్చినాది గదా. నువ్వు నిలబడి ఉండేది దాని మీదనే."

కిందికి చూశాను. నా బూట్ల చుట్టూ వేలెడెత్తు పచ్చని మొలకలు. అంచుల వెంట, తడి మిగిలిన చోటల్లా మొలిచాయి. సరిగ్గా నా నలుచదరాలు పడిన చోట్లే ఎక్కువ ఉన్నాయి. తడి ఉన్న చోటే మడుగు తవ్వాలన్నంత జ్ఞానం నాకూ ఉంది మరి. గీతలు పక్కకు జరపొచ్చు. జరిపితే సమాన దూరం చెడుతుంది, మంజూరైన పటం మారుతుంది, మళ్లీ చిత్తూరుకు రాయాలి. ఇవన్నీ లోపల లెక్కపెట్టుకుని, "తవ్వండి," అన్నాను.

పన్నెండు గుంతలూ తయారయ్యాక లస్కరు వాటి వెంట ఒకసారి నడిచివచ్చాడు. "మనిషికి ఒకటి సొప్పున తవ్వించినారా సార్? మన ఆఫీసులో, పైన ఆఫీసులో కలిపితే పన్నెండు మందిమే ఉండాము. సరిపోతాది."

గుంతలు తవ్వే పనిలో ఒక పద్ధతి ఉంది. తవ్వేసిన తర్వాత నేల ముందు ఎంత ఎత్తున ఉండేదో ఎవరికీ తెలియదు. అందుకని గుంత మధ్యలో తవ్వకుండా ఒక మట్టి దిమ్మను పాత నేల ఎత్తున అట్లాగే నిలిపి ఉంచుతారు. దాన్ని సాక్షి దిబ్బ అంటాం. పై అధికారి వచ్చి దాని ఎత్తు కొలిచి, లోతు సరిగ్గానే ఉందని సంతకం పెట్టాక దాన్ని కూడా తీసేస్తారు. సంతకం కాకముందు దిబ్బను ముట్టుకోవడం మా శాఖలో పెద్ద నేరం. అలా ప్రతి గుంత మధ్యలో నడుమెత్తు దిబ్బ ఒకటి, నెత్తిన నాలుగు మొలకలతో నిలబడింది.

ఉగాదికి నాలుగు రోజుల ముందు పెద్ద ఆఫీసరు స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. గుంతల్లో అడుగున కొంచెం ఊట నీరు, బురద. తుంగ ఒక్క దుబ్బు కూడా నాటలేదు. కాంట్రాక్టరు నన్ను కంగారు పడొద్దన్నాడు. తనిఖీకి ముందు రోజు ఇరవైమందిని కల్వర్టు దగ్గర దింపాడు. గడ్డలతో తవ్వి తీయాలంటే రెండు రోజులు పడుతుందని, మొత్తం కొడవళ్లతో కోయించాడు. కోసిన కాడలను పిడికెడు పిడికెడు చొప్పున కట్టి, గుంతల బురదలో తాడు పట్టి వరసగా గుచ్చించాడు. దూరం నుంచి చూస్తే వరి మడిలా కళకళలాడింది. నేను కొలత పట్టి చూశాను. వరసకు వరసకు సరిగ్గా అడుగు.

ఆ రోజు ఆమె ఊళ్లో లేదు. తిరుపతిలో ఒక సత్రానికి చాపలు వేసిరావడానికి వెళ్లింది. సాయంత్రం బస్సు కల్వర్టు మీదుగా వస్తుంటే కిటికీలోంచి చూసిందట. అక్కడే బస్సు ఆపమంటే కండక్టరు ఆపలేదట. ఇది లస్కరు చెప్పాడు.

మర్నాడు ఉదయం జీపులు వచ్చాయి. పెద్ద ఆఫీసరు మొదటి గుంత దగ్గర నిలబడి, పచ్చని వరసలు చూసి, నిజంగా సంతోషించాడు. "చూశారా, మనసు పెడితే అవుతుంది," అన్నాడు. మేమంతా మనసు పెట్టినవాళ్లలా నిలబడ్డాం. అప్పుడు ఆమె గట్టు దిగి వచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, తిన్నగా గుంతలోకి దిగింది.

"ఎవరమ్మా? ఏం కావాలి?" ఆఫీసరు అడిగాడు.

"ఏం లేదు సామీ. కల్వర్టు కాడ నా తుంగ ఈడికి కాపురం వచ్చిందంట. సూసిపోదామని వచ్చినా."

ఒక పిడికెడు పట్టుకుని లాగింది. ఇసుకలో గుచ్చిన అగరబత్తిలా ఊడి వచ్చింది. దాన్ని ఆయన చేతికిచ్చింది. "సూడు సామీ. ఏర్లు యాడ ఉండాయో నువ్వు సూపీ." రెండోది లాగి ఇచ్చింది. మూడోది, నాలుగోది. మొదటి వరస అంతా అలాగే పీకి, ఒక్కోటి ఆయన చేతుల్లో పెడుతూ పోయింది. ఆయన చొక్కా నిండా బురద. ఆయన చేతుల్లోంచి ఆ మోపును తీసుకునే ధైర్యం ఎవరికీ లేదు.

"వేర్లు తర్వాత వస్తాయి సార్," అన్నాడు మా డిప్యూటీ ఇంజనీరు.

ఆఫీసరు అతని వైపు తిరగలేదు. నన్ను అడిగాడు. "ఇది ఎక్కడిది?"

"ఎస్టిమేటులో ఉన్న చోటుదే సార్."

"ఆ చోటు రాసింది ఎవరు?"

కాంట్రాక్టరు నన్ను చూశాడు. డిప్యూటీ ఇంజనీరు నన్ను చూశాడు. "నేనే సార్," అన్నాను.

ఆమె నడుం ఎత్తి నా మొహం చూసింది. "నువ్వా నాయనా? నేను సెప్పినాక రాసినావా, సెప్పకముందు రాసినావా?"

చెప్పిన తర్వాతేనని నాకు తెలుసు, నా మొహం చూసి ఆమెకూ తెలిసిపోయింది. ఆమె ఇంకేమీ అడగకుండా గట్టెక్కి వెళ్లిపోయింది.

పెద్ద ఆఫీసరు నుంచి మూడో రోజు రాతపూర్వకంగా ఉత్తర్వు వచ్చింది. ఆ తుంగ బదులు వేళ్లతో ఉన్న తుంగ నాటాలి. తాను స్వయంగా వచ్చి సాక్షి దిబ్బలు కొలిచి సంతకం పెట్టేదాకా పని పూర్తయినట్టు ఎవరూ కాగితం ఇవ్వకూడదు. నెల తిరగకముందే ఆయనకు బదిలీ అయింది. తర్వాత వచ్చినాయనకు తుంగకు, జొన్నకు తేడా తెలియదు. కాంట్రాక్టరు కొన్నాళ్లు చిత్తూరు చుట్టూ తిరిగి, వేరే జిల్లాలో పని దొరికి పోయాడు. నా మీద ఒక మెమో వచ్చింది. ఎనిమిది అంశాలతో సంజాయిషీ రాశాను. ఎనిమిదీ సరైనవే, అందులో నా తప్పు మాత్రం ఎక్కడా లేదు. దాన్ని ఆమోదించారు.

గుంతల్లో గుచ్చిన కాడలు బురదలోనే కుళ్లాయి, కల్వర్టు దగ్గరి మోళ్లు ఎండకు మాడిపోయాయి. ఉగాది వెళ్లిన రెండు వారాలకు ఆమె ఇంట్లో తుంగ అయిపోయింది. కొడుకు తిరుపతి వెళ్లాడు. నేనొకసారి ఆ వీధిలో నడిచాను. మగ్గం విప్పేసి, వెదుళ్లు దూలాల మీద పెట్టేసింది. నేల మీద మేకులు పాతిన నాలుగు గుంతలు మిగిలాయి. వాటిని అలికి మూయలేదు.

వేరే చెరువు నుంచి శాఖ ట్రాక్టరులో ఒక బండెడు తుంగ తెప్పించి ఇస్తానని ఆమెతో అన్నాను. అప్పటికి నేను చాలా గొప్ప మనసున్నవాణ్ణని అనుకుంటున్నాను.

"నువ్వు తెచ్చేది నాకొద్దు నాయనా," అంది. "అది మళ్లా ఇంకెవరి నోటి కాడిది కోయిస్తావో."

ఆ ఏడు కార్తీక వానలు గట్టిగా పడ్డాయి. మొదటి వరదకే పక్షులు వాలే కొయ్యలు పదీ చెరువు చేరాయి. కానుగ మొక్కల్లో మేకలు తినగా మిగిలినవి రెండో వరదకు పోయాయి. నేను కొలిచి తవ్వించిన నలుచదరాలు మూడో వరదకు ఒండ్రుతో పూడిపోయి, ఏది ఎక్కడ ఉండేదో పటం చూసినా తెలియలేదు. దిబ్బలు మాత్రం పన్నెండులో పది నిలిచాయి. మేము తవ్వని నేల అదొక్కటే. గట్టి నేల, లోపల తుంగ గడ్డలు అల్లుకుని ఉన్నాయి, 'వేళ్లతో సహా తొలగించితిమి' అని నేను సంతకం పెట్టిన గడ్డలు. దిబ్బలు నీటి జోరుకు అడ్డం నిలబడ్డాయి. వాటి వెనక నీళ్లు నెమ్మదించి మెత్తని ఒండ్రు దిగింది. దిబ్బ మీది తుంగ ఆ ఒండ్రులోకి దిగి పాకింది. మాఘం వచ్చేసరికి ఒక్కో దిబ్బ చుట్టూ మంచమంత పచ్చదనం, దాని పక్కన జానెడు నీళ్లు.

లస్కరు ఒక రోజు వచ్చి, "దిబ్బల కాడ సేప పిల్లలు ఉండాయి సార్, రాసుకోండి," అన్నాడు.

నేను రాసుకోలేదు. రాస్తే అది మా పథకం ఫలితమని ఎవరో ఒకరు పైకి పంపుతారు. చూడడానికి వస్తారు. వచ్చినవాళ్లు నడుమెత్తు దిబ్బలు ఇంకా ఎందుకున్నాయని అడుగుతారు.

అప్పటినుంచి ప్రతి నెలా పెండింగు పనుల పట్టికలో "సాక్షి దిబ్బల కొలత: పై అధికారుల రాక కొరకు" అని రాసి పంపాను. మా శాఖలో అంతకంటే భద్రమైన తాళం లేదు. ఎవరూ రారు, ఎవరూ అడగరు, ఎవరూ తీయరు. రెండేళ్లు అలా గడిచింది. మొదటి ఏడు ఆమె ఒక్క కాడ కూడా కోయలేదు. మిగతా ఐదిళ్ల వాళ్లు వస్తే కొడవలి చూపించేది. రెండో ఏడు కొంచెం కోసింది. అది ఆరు నెలల నేతకు వస్తుందని, ఏడాదికి సరిపడా ఉంటేనే కొడుకు లాడ్జీ పని మానుకుని వస్తానన్నాడని లస్కరు చెప్పాడు. నాతో ఆమె మాట్లాడేది కాదు.

నాకు చిత్తూరుకు బదిలీ వచ్చిన వారానికి మాట్లాడింది. ఆఫీసు గుమ్మంలో, మొదటిసారి నిలబడిన చోటే.

"పోతా ఉండావంట."

"ఔనమ్మా."

"కొత్తాయన నీ మాదిరి సదువుకున్నోడేనా?"

"నాకంటే ఎక్కువ. ఫస్టు క్లాసు."

ఆమె మొహంలో దిగులు కనిపించింది. "అట్టయితే ఆ దిబ్బల సంగతి ఆయనకు సెప్పబాకు. ఈ ఉగాదికి నా కొడుకు వస్తానన్నాడు. దిబ్బలుంటేనే వస్తాడు."

కొత్త సూపర్‌వైజరు నా పాలిటెక్నిక్‌లోనే నాకు మూడేళ్ల వెనక చదివినవాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో కొత్త నోటుపుస్తకం. మూడేళ్ల కిందటి నన్ను చూసినట్టే ఉండి, అతన్ని చూడగానే చిరాకేసింది. అప్పగింతల పట్టిక చదివి వినిపించాను. లెవెల్ యంత్రం ఒకటి, కాలు వదులు. కొలత గొలుసు ఒకటి, రెండు లింకులు తక్కువ. బీరువా ఒకటి, తాళం పడదు. ఫైళ్లు ఇన్ని. పెండింగు పనులు అయిదు. నిజానికి ఆరు. ఆరోదాని ఫైలును ముందు రోజే ముగిసిన పనుల కట్టలో, అన్నిటికంటే అడుగున పెట్టి తాడు బిగించాను. శాఖలో చేరినప్పటినుంచి తెలిసి నేను తగ్గించి రాసిన జాబితా అదొక్కటే.

"అంతేనా అన్నా?" అన్నాడు.

"అంతే అబ్బా."

సాయంత్రం ఇద్దరం గట్టు మీద నడిచాం. వంకలో పచ్చగా నిలబడిన తుంగను చూసి అతను ఆగాడు. "అదేందన్నా, మధ్యలో? నీళ్లకు అడ్డం గదా. తీసేయిస్తే వంక తిన్నగా ఉంటుంది."

"తీసేయించొచ్చు. అంచనా వేయాల. తీసిన మట్టి ఎంత దూరం మోయాలో రాయాల. చిత్తూరుకు పంపాల. వెనక్కొస్తే మళ్లా రాయాల."

అతను నోటుపుస్తకం తెరిచాడు. పెన్ను మూత తీశాడు. తుంగను, రోడ్డును, మళ్లీ తుంగను చూసి దూరం అంచనా కట్టాడు.

"ఉండనీలే," అని పుస్తకం మూసేశాడు. "ఈ నెల వేరే పని చాలా ఉంది."

ఆవలి గట్టున ఆమె కొడవలి పట్టుకుని నిలబడి ఉంది. మా ఇద్దరిలో ఎవరైనా వంకలోకి దిగుతారేమోనని చూస్తూ, మేము రోడ్డెక్కేదాకా అక్కడే ఉంది.